మాట వెంట నడిచిన గొంతు: పీటర్ ష్రయర్, జర్మన్ లీడ్

జర్మన్ టెనర్ గాయకుడు పీటర్ ష్రయర్ గొంతు మొదటిసారి విన్నప్పుడు నాకు నచ్చలేదు. అప్పటికే మరో జర్మన్ టెనర్ ఫ్రిట్స్ వుండర్‌లిష్ పాడిన షూబర్ట్ పాటలు నా చెవుల్లో నిండి ఉన్నాయి. వుండర్‌లిష్‌ది నిండు గొంతు, తీయని గొంతు. జర్మన్ ఒక్క ముక్క రాకపోయినా కట్టిపడేస్తుంది. దాని పక్కన ష్రయర్ గొంతు సన్నగా, బిగువుగా, కాస్త ముక్కులోంచి వస్తున్నట్టు తోచింది. రెండు పాటలు విని పక్కన పెట్టేశాను. చాలాకాలం తర్వాత ఒక సాయంత్రం ఆ పాటల సాహిత్యం, దాని అర్థం ఎదురుగా పెట్టుకుని, పంక్తి పంక్తికీ వేలు జరుపుతూ మళ్లీ విన్నాను. పాట సగానికి రాకముందే వేలు ఆగిపోయింది. ఏ మాట దగ్గర ఉన్నామో వేలితో వెతుక్కునే పని లేదు, ఆ గొంతే చూపిస్తోంది.

టెనర్ అంటే మగ గొంతుల్లో సహజంగా పై స్థాయిలో పలికేది. ఒపెరాలో ప్రేమికుడు, రాకుమారుడు దాదాపు ఎప్పుడూ టెనరే. పేరు, డబ్బు, చప్పట్లు అన్నీ అక్కడే ఉన్నాయి. అలాంటి గొంతున్న మనిషి ఒక్క పియానో తప్ప మరేమీ లేని వేదిక మీద, వేషం లేకుండా, తెర లేకుండా నిలబడి కవితలు పాడటానికి జీవితంలో అంత పెద్ద భాగం ఎందుకిస్తాడు? ఇస్తే ఎలా బతుకుతాడు? తేనెలొలికే గొంతు లేకుండానే 1959 నుంచి 2005 దాకా 46 ఏళ్లు శ్రోతల మనసులో ఎలా నిలుస్తాడు? ఈ మూడు ప్రశ్నలూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ఒక కొస పట్టుకుంటే మిగతావీ విడివడతాయి. నాకు దొరికిన కొస మాట.

జర్మన్‌లో లీడ్ అంటే పాట, అంతే. చివరి అక్షరాన్ని వాళ్లు ‘ట్’ లాగా పలుకుతారు. సంగీతంలో మాత్రం ఆ మాటకు ప్రత్యేకమైన అర్థం స్థిరపడింది: ఒక కవి రాసిన కవిత, దానికి ఒక స్వరకర్త కట్టిన సంగీతం, ఒక గొంతు, ఒక పియానో. మనకు దగ్గరి పోలిక కావాలంటే రేడియో లలిత గీతం. కృష్ణశాస్త్రిగారి భావగీతాన్ని రేడియోలో పాడినప్పుడు రాగాన్ని ఎంత వింటామో కవిత్వాన్నీ అంతే వింటాం కదా, ఆ వినికిడే ఇక్కడా కావాలి. కాకపోతే లీడ్‌లో మనోధర్మానికి చోటు లేదు, ప్రతి స్వరమూ అచ్చులో ఉంటుంది. పియానో కూడా పక్కవాద్యం కాదు. పాటలో వాగు ఉంటే ఆ వాగు పారేది పియానోలోనే. గాయకుడు ధైర్యంగా పాడుతున్నా, అతని గుండెలోని దిగులును పియానో బయటపెట్టేస్తుంది. అందుకే లీడ్ కచేరీకి ఇద్దరి పేర్లూ చూసి టికెట్ కొంటారు.

ఫ్రాంట్స్ షూబర్ట్ 31 ఏళ్లు మాత్రమే బతికి 600కు పైగా ఇలాంటి పాటలు కట్టాడు. వాటిలో విల్‌హెల్మ్ ముల్లర్ కవితల మీద కట్టిన పాటల వరసలు రెండున్నాయి. 1823లో కట్టిన ‘డీ షోనె ముల్లరిన్’లో 20 పాటలు. పిండిమరలో పనికి చేరిన కుర్రాడు యజమాని కూతుర్ని ప్రేమించి, ఓడిపోయి, చివరికి వాగు ఒడిలో నిద్రపోయే కథ. 1827లో కట్టిన ‘వింటర్‌రైజె’లో 24 పాటలు. ప్రేమ చెడినవాడు రాత్రివేళ ఊరు విడిచి మంచులో నడుస్తూ పోయే శీతాకాలపు ప్రయాణం అది. రాబర్ట్ షూమన్ 1840లో హైనె కవితలతో కట్టిన ‘డిష్టర్‌లీబె’ను వీటితో చేరిస్తే లీడ్ పాడే టెనర్ జీవితానికి మూడు మూలస్తంభాలు కుదిరినట్టే.

అయితే లీడ్ అనగానే ఇరవయ్యో శతాబ్దపు శ్రోతకు గుర్తొచ్చింది టెనర్ కాదు, బారిటోన్. టెనర్ కన్నా కింది స్థాయిలో, మామూలుగా మనం మాట్లాడే గొంతుకు దగ్గరగా ఉండేది బారిటోన్. డీట్రిష్ ఫిషర్-డీస్కౌ అనే బెర్లిన్ బారిటోన్ జెరాల్డ్ మూర్ పియానోతో మగ గొంతుకు సరిపోయే షూబర్ట్ పాటలన్నిటినీ దాదాపుగా రికార్డు చేసేశాడు. హెర్మన్ ప్రై కూడా ఆ స్థాయివాడే, హన్స్ హోటర్‌ది ఇంకొంచెం కింది గొంతు. రెండు మూడు తరాలు ‘వింటర్‌రైజె’ను వాళ్ల గొంతులోనే విని పెరిగాయి. దానికి చరిత్రలో ఆధారమూ లేకపోలేదు. షూబర్ట్ పాటలను వియన్నాలో పదిమందికీ వినిపించిన యోహాన్ మిఖాయెల్ ఫోగల్ ఒపెరా బారిటోనే, షూబర్ట్ కంటే దాదాపు ముప్ఫై ఏళ్లు పెద్దవాడు.

కానీ అచ్చు పుస్తకం తెరిస్తే కనిపించేది వేరు. ఇక్కడే మనవాళ్లకు ఒక సంగతి వివరించాలి. మన సంగీతంలో శ్రుతి పాడేవారి ఇష్టం. ఒకరు ఒకటిన్నర శ్రుతిలో, మరొకరు నాలుగు శ్రుతిలో పాడితే రాగానికి వచ్చిన లోటేమీ లేదు, తంబురా సవరించుకుంటే చాలు. పాశ్చాత్య సంగీతంలో స్వరకర్తే శ్రుతి కూడా రాసి పెడతాడు. ‘వింటర్‌రైజె’ మొదటి పాట ‘గూటె నాఖ్ట్’, అంటే శుభరాత్రి, డి మైనర్ అనే శ్రుతిలో ఉంది. అది టెనర్ ఎత్తు. బారిటోన్లు పాడేటప్పుడు మొత్తం పాటను రెండు మూడు మెట్లు కిందికి దించుతారు. గొంతుకు సుఖం. పియానోకు మాత్రం సుఖం కాదు. ఎడమచేతి స్వరాలు మరీ మంద్రానికి జారి ఒకదానితో ఒకటి కలిసిపోయి బరువెక్కుతాయి. మంచు మీద అడుగుల చప్పుడు బురదలో అడుగుల చప్పుడైపోతుంది. బారిటోన్లు పాడిన గొప్ప రికార్డింగులను నేను తక్కువ చేయడం లేదు. వాటిలో పియానో రంగు వేరు, అంతే.

శ్రుతి మార్చడం పాపమని షూబర్ట్ కాలంలో ఎవరూ అనుకోలేదు కూడా. ఆయన చేతిరాత ప్రతికీ అచ్చు ప్రతికీ నడుమ ‘వింటర్‌రైజె’లో ఐదు పాటలు కిందికి దిగాయి. ‘ఐన్‌జామ్‌కైట్’ డి మైనర్ నుంచి బి మైనర్‌కు, చివరి పాట ‘లయర్‌మన్’ బి మైనర్ నుంచి ఏ మైనర్‌కు వచ్చాయి. షూమన్ అయితే ‘డిష్టర్‌లీబె’లో ‘ఇష్ గ్రోలె నిష్ట్’ పాటకు పై స్వరం ఒక దారి, కింది స్వరం ఒక దారి రెండూ రాసి పాడేవారికే వదిలేశాడు. కాబట్టి లీడ్ టెనర్‌దా బారిటోన్‌దా అన్న పంచాయితీ ఇప్పట్లో తేలేది కాదు. టెనర్‌కు అదనంగా దొరికేది ఒకటుంది: కష్టం. ‘గూటె నాఖ్ట్’ మొదటి స్వరమే పైనున్న ‘ఎఫ్’. టెనర్ గొంతు కింది అర నుంచి పై అరకు దాటే గడప సరిగ్గా అక్కడే ఉంటుంది. ఏ ముందస్తు సన్నాహమూ లేకుండా, మెల్లగా, నిట్టూర్పులా ఆ గడప మీద అడుగుపెట్టి కిందికి దిగాలి. బారిటోన్ శ్రుతి దించుకుని ఆ ఇబ్బందిని తప్పించుకోగలడు. టెనర్‌కు ఆ వీలు లేదు. ఊరు విడిచి వెళ్లేవాడి మొదటి అడుగు తడబడాల్సిందే అనిపిస్తుంది నాకు. ఆ స్వరంలోని బిగువు పాటలో భాగమే.

స్వరం సంగతి అలా ఉంచి, దాని మీద కూర్చున్న మాట చూడండి: ‘ఫ్రెమ్ట్’. పరాయివాణ్ని అని అర్థం. ‘పరాయివాడిగా వచ్చాను, పరాయివాడిగానే వెళ్తున్నాను’ అని పాట మొదలవుతుంది. ఆ ఒక్క మాటలో అచ్చు ఒకటే, ‘ఎ’. దాని చుట్టూ ఫ, ర, మ, ట అని నాలుగు హల్లులు. మన తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మన నాలుక ఒప్పుకోదు. బస్ వస్తే బస్సు చేశాం, కార్ వస్తే కారు చేశాం. అచ్చు ఉన్నచోట గొంతు నిలుస్తుంది, రాగం సాగుతుంది. త్యాగరాజ కృతిలో ఏ మాట చివరైనా గమకం వేసుకోవచ్చు. ఇటాలియన్‌కూ ఆ వరం ఉంది. అందుకే మన భాషను దానితో పోల్చారు, అందుకే ఒపెరా అక్కడ పుట్టి పెరిగింది. జర్మన్‌కు ఆ వరం లేదు. ‘నాఖ్ట్’, ‘హెర్ట్స్’, ‘హెర్ప్‌స్ట్’... రాత్రి, గుండె, శరదృతువు. అన్నీ హల్లుల గోడకు కొట్టుకుని ఆగే మాటలు. ‘ఖ్ట్’ మీద రాగం తీయడం ఎవరివల్లా కాదు, అందులో స్వరమే లేదు, ఊపిరి చప్పుడు మాత్రమే ఉంది.

జర్మన్‌లో పాడేవాళ్లకు ఇక్కడ రెండు దార్లు. హల్లులను మెత్తగా నాన్చేసి అచ్చుల మీద గొంతు పరిచేస్తే రాగం అందంగా వస్తుంది, మాట అందదు. హల్లులు గట్టిగా పలికితే మాట అందుతుంది, రాగం తునకలవుతుంది. నిజమైన పనితనం ఈ రెంటికీ మధ్య ఉంది. తాళం దెబ్బ మీద పడాల్సింది అచ్చు. దాని ముందున్న హల్లులు దెబ్బకంటే ముందే, వెంట్రుకవాసి ముందే పలికేయాలి. ‘ఫ్రెమ్ట్’లో ‘ఫ్ర్’ అనేది పియానో మీట నొక్కకముందే నోట్లోంచి బయటపడాలి. పియానో వాయించేవారు ఆ ఊపిరి చప్పుడు విని మీట నొక్కాలి. ఒకరి పెదవుల కదలికను ఇంకొకరి వేళ్లు కనిపెట్టడమన్నమాట. ష్రయర్ దగ్గర ఇది ఎంత సహజంగా జరుగుతుందంటే, మాట మాటా విడిగా వినిపిస్తుంది, రాగం ఎక్కడా తెగదు. నాకు మొదట్లో నచ్చని ఆ సన్నని పదునైన అంచు అప్పుడు అర్థమైంది. గుండ్రని నిండు గొంతులో హల్లులు మునిగిపోతాయి. ఆ గొంతులో అవి నీళ్లలో గులకరాళ్లలా కనిపిస్తాయి.

ఈ విద్య ఆయనకు ఒపెరాలో అబ్బలేదు, బడిలో అబ్బింది. ష్రయర్ 1935 జులై 29న జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో, పింగాణీకి పేరుపడ్డ మైసెన్‌లో పుట్టాడు. పెరిగింది ఆ దగ్గరి గవర్నిట్స్ అనే పల్లెలో. తండ్రి బడిపంతులు, ఊరి చర్చిలో ఆర్గన్ వాయించి పాటలు పాడించేవాడు. 1943లో, ఇంకా ఎనిమిదేళ్లు నిండకముందే, డ్రెస్‌డెన్‌లోని క్రోయ్‌ట్స్‌కోర్ సన్నాహక తరగతిలో చేరాడు. హోలీ క్రాస్ చర్చికి చెందిన మగపిల్లల గాయక బృందం అది, వందల ఏళ్ల చరిత్ర ఉన్నది. 1945 ఫిబ్రవరి 13 రాత్రి బాంబుదాడుల్లో డ్రెస్‌డెన్ తగలబడిపోయింది. చర్చి కాలిపోయింది, బృందంలోని 11 మంది పిల్లలు చనిపోయారు. యుద్ధం ముగిశాక మిగిలినవాళ్లను కూడగట్టి, ఊరి శివార్లలోని ఒక ఇంటి నేలమాళిగలో ఉంచి మళ్లీ పాటలు మొదలుపెట్టించాడు గురువు రుడాల్ఫ్ మవర్స్‌బెర్గర్. శిథిలమైన ఊరు, చాలీచాలని తిండి, రోజూ సాధన. ఆ పిల్లల్లో పదేళ్ల ష్రయర్ ఒకడు.

అప్పుడు ఆయనది ఆల్టో, అంటే పిల్లల గొంతుల్లో కింది స్థాయి. మవర్స్‌బెర్గర్ ఆ గొంతును గుర్తించి ఒంటరి పాటలన్నీ వాడికే ఇచ్చేవాడు. ఆనాటి రికార్డింగులు కొన్ని ఇప్పటికీ దొరుకుతాయి. వినండి, పన్నెండేళ్ల పిల్లాడి గొంతులో పెద్దమనిషి వాక్యశుద్ధి ఉంటుంది. పదహారేళ్లకు గొంతు మారింది. బారిటోన్ కావచ్చు, అంతకన్నా కిందిదైన బాస్ కావచ్చు, ఎటైనా పోవచ్చు. ఆ కుర్రాడు మాత్రం టెనర్ కావాలని కోరుకున్నాడు. కారణం ఒపెరా రాకుమారుడి వేషం కాదు. బాఖ్ రాసిన ‘పాషన్’లలో ఇవాంజెలిస్ట్ పాత్ర టెనర్‌ది.

మొత్తం చిక్కుముడికి నా లెక్కన ఇదే మూలం. క్రీస్తు శిలువ కథను బాఖ్ గానంగా కట్టినప్పుడు, ఆ కథ చెప్పే సువార్తికుణ్ని టెనర్ చేశాడు. ‘సెయింట్ మాథ్యూ పాషన్’ దాదాపు మూడు గంటలు సాగుతుంది. అందులో బృందగానాలు, ఒంటరి పాటలు ఎన్నున్నా కథను నడిపేది ఇవాంజెలిస్టే. ఆయన పాడేది పాట కాదు, మాట కాదు. హరికథలో దాసుగారు పాటకూ పాటకూ నడుమ కథ అందుకునే వచనం గుర్తు తెచ్చుకోండి. దానికి స్వరాలు రాసి పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కింద ఒక చెల్లో, అంటే వయొలిన్ జాతి మంద్రవాద్యం, ఒక ఆర్గన్ మాత్రమే. తాళం బిగింపు ఉండదు, భాష నడకే నడక. గొంతు అందంతో అక్కడ ఎవరూ గట్టెక్కలేరు. మాట తెలియకపోతే మొదటి నిమిషంలోనే దొరికిపోతారు.

అందులో ఒక చోటు ఉంది. గురువును ఎరగనని మూడుసార్లు బొంకిన పీటర్‌కు కోడికూత వినగానే గురువు మాట గుర్తొస్తుంది. ‘అతడు బయటికి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాడు’ అని సువార్తికుడు చెప్పాలి. చెబుతున్నవాడు చూసినవాడే కానీ ఏడ్చినవాడు కాడు. అయినా బాఖ్ ఆ ఏడుపు అనే మాటను ఒక్కసారిగా పైకీ కిందికీ మెలికలు తిప్పి సాగదీశాడు. కథకుడు ఆ ఒక్క మాటకు పాత్రలోకి వెళ్లి, మరుక్షణం బయటికి వచ్చి కథ కొనసాగించాలి. ఎంత లోపలికి వెళ్లాలి, ఎంత బయట ఉండాలి? ఎక్కువైతే నాటకం, తక్కువైతే వార్త. ఈ కొలత ష్రయర్‌కు చిన్ననాడే చెవిలో పడింది, తర్వాత జీవితమంతా ఆయన పాడింది ఆ కొలతతోనే.

ఇదే కొలత లీడ్‌కూ కావాలి. షూబర్ట్ 18 ఏళ్ల వయసులో, 1815లో, గోథే కవితకు కట్టిన ‘ఎర్ల్‌క్యోనిగ్’ చూడండి. రాత్రి, గుర్రం మీద తండ్రి, చేతుల్లో జబ్బుపడ్డ కొడుకు, వాణ్ని పిలిచే మాయావి రాజు, వీళ్ల కథ చెప్పే కథకుడు. నాలుగు గొంతులు, పాడేది ఒక్కడే, నాలుగైదు నిమిషాలు. వేషం లేదు, అడుగు కదపకూడదు. ఒపెరాలో గాయకుడు పాత్ర అవుతాడు. లీడ్‌లో పాత్రను చెబుతూ, చెబుతూ అది అవుతాడు, మళ్లీ తిరిగొస్తాడు. ఇవాంజెలిస్ట్‌గా పెరిగినవాడికి ఇది కొత్త విద్య కాదు. లీడ్‌కు ఎందుకు అంత జీవితం ఇచ్చాడన్న మొదటి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. ఆయన టెనర్ అయిందే కథ చెప్పడానికి.

బతుకుతెరువు మాటేమిటి? లీడ్ కచేరీ ఇద్దరితో అయిపోతుంది, ఖర్చు తక్కువ. కానీ అది చిన్న హాళ్ల కళ. లండన్‌లో లీడ్‌కు గుడిలాంటి విగ్‌మోర్ హాల్‌లోనే సుమారు 550 సీట్లున్నాయి. ఒట్టి లీడ్ మీద బతికిన గాయకులు చాలా అరుదు. జర్మన్ గాయకులకు దన్నుగా ఉండేది అక్కడి ఒపెరా థియేటర్ల పద్ధతి: నెలజీతం మీద శాశ్వత బృందం, ఎవరి గొంతు రకానికి తగిన పాత్రలు వాళ్లకి. ష్రయర్ డ్రెస్‌డెన్ సంగీత కళాశాలలో గానంతో పాటు వాద్యబృందాన్ని నడిపే కండక్టింగ్ కూడా నేర్చుకుని, 1959 ఆగస్టులో బీథోవెన్ ‘ఫిడేలియో’లో మొదటి ఖైదీ పాత్రతో డ్రెస్‌డెన్ ఒపెరాలో అడుగుపెట్టాడు. చిన్న వేషమే. 1961లో మోట్సార్ట్ ఒపెరాలో బెల్మాంటె పాత్ర పేరు తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. ష్రయర్ గోడకు తూర్పున ఉండిపోయాడు. 1963 నుంచి తూర్పు బెర్లిన్ ప్రభుత్వ ఒపెరాలో పాడాడు.

తర్వాత జరిగింది ఒక విషాదం వల్ల తెరుచుకున్న తలుపు. 1966 సెప్టెంబర్‌లో వుండర్‌లిష్ ఒక మిత్రుడి ఇంట్లో మెట్ల మీంచి పడి చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 35. అదే వేసవిలో ‘డీ షోనె ముల్లరిన్’ రికార్డు చేసి ఉన్నాడు. మోట్సార్ట్ పాడే జర్మన్ టెనర్ స్థానం ఖాళీ అయింది. 1967లో ష్రయర్ సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో ‘మాయా వేణువు’ ఒపెరాలో టమీనోగా నిలబడ్డాడు. ఆ ఉత్సవంతో అనుబంధం పాతికేళ్లు సాగింది. అదే ఏడాది వియన్నా ఒపెరా, న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా. పేరున్న కళాకారుల్ని తూర్పు జర్మనీ ప్రభుత్వం పడమటికి పంపేది. దేశానికి ప్రతిష్ఠ, ఖజానాకు విదేశీ ద్రవ్యం. ష్రయర్ ఎక్కడెక్కడ పాడినా కాపురం మాత్రం డ్రెస్‌డెన్‌ను విడవలేదు. ఇద్దరు టెనర్లనూ పోల్చడం నాకిప్పుడు ఇష్టం ఉండదు. వుండర్‌లిష్ పాడితే కుర్రాడి ప్రేమ నాకే కలిగినట్టుంటుంది. ష్రయర్ పాడితే ఆ కుర్రాడు ఎదురుగా కూర్చుని తన గోడు చెప్పుకుంటున్నట్టుంటుంది.

ఒపెరాలో ఆయన ఎంచుకున్న దారి కూడా గమనించదగ్గది. వయసు పెరిగేకొద్దీ టెనర్లు బరువైన వీరపాత్రల వైపు వెళ్లి గొంతు పాడుచేసుకోవడం మామూలు. ష్రయర్ వాగ్నర్ ‘రింగ్’ ఒపెరాల వరసలోకి వెళ్లాడు, కానీ ఖడ్గధారి సీగ్‌ఫ్రీడ్‌గా కాదు. మాటల మాయగాడు లోగెగా, కుట్రలు పన్నే మరుగుజ్జు మీమెగా. రెండూ నాలుక మీద నడిచే పాత్రలు. మోట్సార్ట్ జీతం తెచ్చింది, బాఖ్ గొంతును శుభ్రంగా ఉంచింది. ఆ రెంటి నీడలో లీడ్ ఎదిగింది. 1970 నుంచి కండక్టర్ కూడా అయ్యాడు. బాఖ్ పాషన్లలో వాద్యబృందాన్ని నడిపిస్తూ తానే ఇవాంజెలిస్ట్‌గా పాడేవాడు. 1980లలో చేసిన ఆ రికార్డింగులలో కథ నడకను కథకుడే నడిపించడం వినొచ్చు.

లీడ్ రికార్డింగులు డ్రెస్‌డెన్‌లో స్టూడియోగా మార్చిన లూకాస్ చర్చిలో వాల్టర్ ఓల్‌బెర్ట్స్ పియానోతో ఎక్కువగా సాగాయి. షూబర్ట్, షూమన్, బీథోవెన్, మెండెల్‌సన్. ‘డీ షోనె ముల్లరిన్’ను చాలాసార్లు పాడాడు. ఒకసారి, 1980 ప్రాంతంలో, పియానో బదులు కొన్రాడ్ రగోస్నిగ్ గిటార్‌తో. వియన్నాలో షూబర్ట్ కాలపు ఇళ్లలో పియానో లేనివాళ్లకు గిటారే దిక్కు, కాబట్టి అది వింత ప్రయోగం కాదు. ఆ రికార్డింగ్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. గిటార్ శబ్దం పుట్టగానే ఆరిపోతుంది. గొంతు వెనక దాక్కోవడానికి ఏమీ మిగలదు, ఆ కుర్రాడు వాగు గట్టున కూర్చుని తనలో తాను పాడుకుంటున్నట్టే ఉంటుంది. 1989లో ఆంద్రాష్ షిఫ్ పియానోతో మరొకసారి చేశాడు. అప్పటికి గొంతులో మెరుపు తగ్గింది. మాట మాత్రం మునుపటికంటే దగ్గరకొచ్చింది. మొదటిసారి వినేవాళ్లు అక్కడ మొదలుపెట్టాలంటాను.

‘వింటర్‌రైజె’ దగ్గరికి ఆయన ఆలస్యంగా వచ్చాడు. 1985 ఫిబ్రవరిలో డ్రెస్‌డెన్‌లో ఒక సందర్భం వచ్చింది. 1945 బాంబుదాడిలో కాలిపోయిన అక్కడి సెంపర్ ఒపెరా భవనాన్ని నలభై ఏళ్ల తర్వాత, అదే ఫిబ్రవరి 13న మళ్లీ తెరిచారు. నాలుగు రోజుల తర్వాత, 17న, ఆ కొత్త వేదిక మీద 49 ఏళ్ల ష్రయర్, పియానో దగ్గర స్వియతొస్లావ్ రిక్టర్ కలిసి ‘వింటర్‌రైజె’ చేశారు. ఒపెరా కోసం కట్టిన పెద్ద భవనంలో ఇద్దరే మనుషులు, 24 పాటలు. ఆ రాత్రి రికార్డింగ్ ఉంది. చలికాలం, హాల్లో జనం దగ్గులు వినిపిస్తూనే ఉంటాయి. వాటివల్ల కొందరు దాన్ని పక్కన పెడతారు. నాకు ఆ దగ్గులు అడ్డు కాదు. ఆ ఊరు తగలబడటం చూసినవాళ్లు ఆ సీట్లలో కూర్చుని ఉంటారు. పాడుతున్నవాడు ఆ బూడిదలోనే పాట నేర్చుకున్నవాడు. ‘పరాయివాడిగా వచ్చాను’ అన్న మాట అక్కడ పలికినప్పుడు అది ఒక ప్రేమికుడి మాటగా మాత్రమే వినడం నావల్ల కాదు.

రిక్టర్ నడక తొందరపడదు. మొదటి పాటలో పియానో అడుగులు మంచులో దిగబడి లేస్తున్నట్టు పడతాయి. మూడు చరణాలు డి మైనర్‌లో నడిచాక, నాలుగో చరణంలో షూబర్ట్ మూడో స్వరాన్ని అర మెట్టు పైకి జరిపి మేజర్‌లోకి మార్చాడు. మన మాటల్లో సాధారణ గాంధారం పోయి అంతర గాంధారం వచ్చింది. ‘నీ కలను చెదరగొట్టను, మెల్లగా తలుపు వేసి వెళ్తాను’ అని ఆ చరణం. మామూలుగా మేజర్ అంటే వెలుగు. ఇక్కడ అది ఇంకా బాధ, ఎందుకంటే ఆ మెత్తదనం నిద్రపోతున్న ఆమె కోసం, అతనికి దక్కేది కాదు. చాలామంది అక్కడ గొంతుకు తేనె పూస్తారు. ష్రయర్ పూయడు. తలుపు చప్పుడు కాకుండా వేసేవాడు ఊపిరి బిగబట్టినట్టు, మాటను పెదవుల దగ్గరే ఉంచుతాడు.

2000లో బెర్లిన్‌లో టమీనో పాత్రతో ఒపెరాకు సెలవు చెప్పాడు. 2005 డిసెంబర్ 22న ప్రాగ్‌లో బాఖ్ ‘క్రిస్మస్ ఒరటోరియో’ను నడిపిస్తూ, ఇవాంజెలిస్ట్‌గా పాడి గాయకుడిగా ముగించాడు. కోరుకుని టెనర్ అయింది ఏ పాత్ర కోసమో ఆఖరి మాట కూడా ఆ పాత్రదే. 2019 డిసెంబర్ 25న డ్రెస్‌డెన్‌లో, 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. చిన్నప్పుడు తాను పాడిన చర్చిలోనే వీడ్కోలు జరిగింది.

1985 రికార్డింగ్ దొరికితే ఆఖరి పాట దాకా ఆగండి. ‘లయర్‌మన్’. ఊరి చివర మంచు మీద ఒక ముసలాయన, కాళ్లకు చెప్పులు లేవు, చేతి పిడి తిప్పి వాయించే వాద్యం ఒకటి. అతని పళ్లెంలో చిల్లర పడదు, కుక్కలు గుర్రుమంటాయి, ఎవరూ వినరు. పియానో ఎడమచెయ్యి మొదటినుంచీ చివరిదాకా రెండే స్వరాలు పట్టుకుని ఉంటుంది. తంబురా వినే మనకు అవి వెంటనే తెలిసిపోతాయి, షడ్జమం, పంచమం. దాని పైన గొంతు దాదాపు మాట్లాడుతుంది. బాఖ్ సువార్తికుడి కింద ఒక చెల్లో ఉన్నట్టే ఇక్కడ రెండు స్వరాలున్నాయి. ఇంకేమీ లేదు. చివర్లో బాటసారి అడుగుతాడు: ‘వింత ముసలివాడా, నీతో రానా? నా పాటలకు నీ వాద్యం తిప్పుతావా?’ జవాబు లేదు, పాట ప్రశ్న మీదే ఆగిపోతుంది. ‘ఫ్రెమ్ట్’ అనే నాలుగు హల్లుల మాటతో మొదలైన ప్రయాణంలో ఆఖరి మాట ‘డ్రేన్’, అంటే తిప్పడం. జర్మన్ హల్లుల్లో స్వరం నిలుపుకోగలిగినవి కొన్నే, ఆ ‘న్’ వాటిలో ఒకటి. కళ్లు మూసుకుని, అది పియానోలో ఎక్కడ కలిసిపోతుందో వినండి.